గండిపేటకు రేపు ఎలాంటి నీళ్లొస్తాయి? మన ఎకరంలోనే ఉంది లెక్క

గండిపేట నీళ్లు తాగినవాడు పట్నం విడిచి పోడని పాత మాట. ఆ నీళ్లు ఎక్కడివి? మబ్బు నుంచి నేరుగా చెరువులో పడేవి కొద్దిగానే. మిగతావన్నీ శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్, షాబాద్, శంషాబాద్ వైపు చెలకల మీద, కుంటల మీద, ఇళ్ల కప్పుల మీద పడి, ఒడ్లు దాటి, వాగుల్లో కలిసి వచ్చేవే. అంటే పట్నం తాగే నీళ్లకు మొదటి కావలి రైతే.

మరి ఆ చెలకలు రేపు ప్లాట్లయితే చెరువు ఏమవుతుంది? ముందే లెక్క కట్టవచ్చునా? కట్టవచ్చు. ఇందులో జ్యోతిషం లేదు. వాన ఎంత, నేల ఎలాంటిది, ఆ నేల మీద ఏముంది అనే మూడు సంగతులు తెలిస్తే కూడికలు, గుణకారాలతో తేలిపోతుంది. ఇంజినీర్లు కంప్యూటర్ల మీద చేసేదానికి మూలం ఇదే. రెండెకరాల రైతుకు ఈ లెక్కతో పనేమిటంటారా? భూమి కొనేవాడు తన లెక్క వేసుకునే వస్తాడు. ప్రభుత్వం తన లెక్క వేసుకునే జీవో ఇస్తుంది. లెక్క లేకుండా కూర్చునేది మనమొక్కరమే.

1908 వరద నుంచి 111 జీవో దాకా

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తింది. వేలమంది చనిపోయారు. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సలహాతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, 1920లో పూర్తయింది. ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయింది. వరదను ఆపాలని కట్టినవే పట్నానికి తాగునీళ్లిచ్చాయి. నిండితే గండిపేటలో 3.9 టీఎంసీలు, హిమాయత్‌సాగర్‌లో 2.97 టీఎంసీలు పడతాయి. మెరక మీది చెరువులు కాబట్టి నీరు తనంతట తానే పట్నంలోకి దిగుతుంది. కృష్ణా నీళ్లనైతే వంద కిలోమీటర్లకు పైగా ఎత్తిపోసుకుంటూ తేవాలి. మోటారు కరెంటు బిల్లు కట్టే రైతుకు ఈ తేడా విడమరచి చెప్పక్కరలేదు.

పట్నం పడమటికి పెరుగుతుంటే చెరువులు పాడవుతాయని 1996 మార్చి 8న 111 జీవో ఇచ్చారు. నిండు నీటిమట్టం నుంచి 10 కిలోమీటర్ల మేరలో, 84 గ్రామాల్లో, సుమారు లక్షా 32 వేల ఎకరాల్లో కాలుష్యం తెచ్చే ఫ్యాక్టరీలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దన్నారు. లేఅవుటు వేసినా 60 శాతం నేలను ఖాళీ జాగాలకు, రోడ్లకు వదలాలన్నారు. (ఆ అరవైలో రోడ్లు కూడా ఉన్నాయి చూడండి. నీళ్ల లెక్కలో తారురోడ్డు ఖాళీ జాగా కాదు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.)

ఈ హద్దు లోపల శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఒక ఆముదం నూనెల కంపెనీ పెట్టబోతే ప్రభుత్వమే మినహాయింపు ఇచ్చింది. కాలుష్య నియంత్రణ మండలి ఒప్పుకోలేదు. సంగతి సుప్రీంకోర్టు దాకా పోయింది. 1999 జనవరిలో ఒక తీర్పు, 2000 డిసెంబరులో మరొక తీర్పు వచ్చాయి. తాగునీటి చెరువు విషయంలో హాని జరిగాక చూద్దామంటే కుదరదని, హాని ఉండదని రుజువు చేయాల్సిన బాధ్యత పనిని తలపెట్టినవారిదేనని కోర్టు తేల్చింది. మినహాయింపు చెల్లలేదు. మన లెక్కకు ఈ తీర్పే ప్రాణం. రేపటి సంగతి ముందే లెక్కవేసి చూపాల్సింది మార్పు తెచ్చేవాడే.

2022 ఏప్రిల్‌లో 69 జీవో వచ్చింది. ఇప్పుడు పట్నానికి ఈ చెరువులు ముఖ్యమైన నీటివనరు కావంటూ, నీటి నాణ్యత చెడకూడదనే షరతుతో ఆంక్షలు సడలిస్తున్నామన్నారు. 2023 మేలో మంత్రివర్గం 111 జీవోనే రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. కోర్టుల్లోనూ వాదాలు నడిచాయి. మళ్లీ 2025 సెప్టెంబరులో, మల్లన్నసాగర్ నుంచి గోదావరి నీళ్లు తెచ్చి ఈ జంట చెరువులను నింపే పథకానికి శంకుస్థాపన చేశారు. పట్నానికి ముఖ్యం కావన్న చెరువుల్లోకే గోదావరిని తెస్తామంటున్నారన్న మాట. ఎక్కడి నీళ్లు తెచ్చి పోసినా చుట్టూ ఉన్న నేల నుంచి వచ్చే మురికి ఆగదు కదా!

ఎకరం మీద నలభై ట్యాంకర్లు

ఇక లెక్కలోకి దిగుదాం. రెండంగుళాల వాన, అంటే 5 సెంటీమీటర్లు, ఒక ఎకరం మీద పడితే 2 లక్షల లీటర్ల పైచిలుకు నీళ్లవుతాయి. 5 వేల లీటర్ల ట్యాంకర్లయితే నలభై.

ఒడ్లు సరిగా ఉన్న ఎర్ర చెలకలో ఈ నలభైలో ఎనిమిదో పదో బయటికి పోతాయి. మిగిలినవి భూమిలో ఇంకుతాయి, పైరు తాగుతుంది, కొంత ఆవిరవుతుంది. అదే ఎకరాన్ని ప్లాట్లు చేసి, ఇళ్లు కట్టి, రోడ్లు పోసి, వాకిళ్లకు సిమెంటు చేస్తే పాతిక ట్యాంకర్లకు పైగా బయటికి ఉరుకుతాయి. చెరువుకు నీళ్లు ఎక్కువ రావడం మంచిదే కదా అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. అసలు చిక్కు అక్కడే ఉంది. ఆ నీళ్లు గంటలో ఉరికి వస్తాయి. రోడ్డు మీది నూనె, చెత్త, మోరీల మురుగు, పునాదులు తవ్విన మట్టి అన్నీ ఊడ్చుకొస్తాయి. తొలకరి మొదటి వాన తెచ్చినంత మురికి తరువాతి నాలుగు వానలు తేవు. పైగా భూమిలోకి ఇంకింది లేదు కాబట్టి వానలు వెలిశాక వాగులో సన్నగా పారే ఊట నీరు ఆగిపోతుంది. మీ బోరు కూడా ఆ ఊట మీదే బతికేది.

అమెరికాలో వాగులను పరిశీలించినవాళ్లు 1990ల్లో ఒక కొండగుర్తు చెప్పారు. ఒక వాగు మేరలో నూటికి 10 పాళ్ల నేల నీరింకనిదైపోతే వాగు చెడడం మొదలవుతుంది. 25 పాళ్లు దాటితే బాగా పాడవుతుంది. మన వానలు వేరు, నేలలు వేరు. కాబట్టి ఈ పదిని గీటురాయి అనుకోవద్దు, హెచ్చరిక అనుకోవాలి. మీ వాగుకు ఎగువన పదెకరాల్లో ఒక ఎకరం సిమెంటయిందా అని చూసుకోండి. తారురోడ్డును సిమెంటు కిందే లెక్కేయండి.

డీఏపీ బస్తాలో పది కిలోలు

చెరువును చంపేది బురద కంటే భాస్వరం. మన పైరుకు బలమిచ్చే భాస్వరమే చెరువులో నాచుకు, గుర్రపుడెక్కకు బలమిస్తుంది. 50 కిలోల డీఏపీ బస్తాలో అసలు భాస్వరం 10 కిలోలుంటుంది. లీటరు నీటిలో గ్రాములో లక్షో వంతుకు మూడు రెట్లు, అంటే 30 మైక్రోగ్రాముల భాస్వరం చేరే సరికి చెరువులో నాచు కట్టుతప్పడం మొదలవుతుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. నాచు పెరిగితే నీళ్లు వాసన కొడతాయి. ఫిల్టర్లు పూడుకుపోతాయి. కొన్ని రకాల నాచు విషం వదులుతుంది. మందు ఎక్కువ కలిపి శుద్ధి చేద్దామంటే, నీటిలో కుళ్లిన పదార్థంతో క్లోరిన్ కలిసి వేరే హాని పుడుతుంది.

ఆ హద్దుతో లెక్కేస్తే ఒక కిలో భాస్వరం 3 కోట్ల 30 లక్షల లీటర్లను చెడగొట్టగలదు. నిండు గండిపేటకు 3,300 కిలోలు చాలు. రెండు చెరువులకూ కలిపి 5,800 కిలోలు. ఇది మోటు లెక్కేనని ఒప్పుకుంటాను. కొంత భాస్వరం అడుగు బురదలో కూర్చుంటుంది, కొంత తూముల ద్వారా పోతుంది, ఏడాదికేడాది వచ్చే నీళ్లు మారతాయి. నిపుణులు వాటన్నిటినీ కలిపి లెక్కిస్తారు. అయినా ఎటు పోతున్నామో తెలియడానికి మోటు లెక్క చాలు.

ఇప్పుడు మన ఎకరం సంగతి. సాగు భూమి నుంచి ఏడాదికి ఎకరానికి సుమారు 200 నుంచి 400 గ్రాముల భాస్వరం వానతో కొట్టుకుపోతుంది. వాలు ఎక్కువైతే, ఒడ్డు తెగితే ఇంకా పోతుంది. అదే ఎకరాన్ని రెండువందల గజాల ప్లాట్లు చేస్తే రోడ్లు పోను పన్నెండు ఇళ్లు లేస్తాయి. మేడ మీద మేడ వేయకపోయినా యాభైమంది ఉంటారు. మలమూత్రాలు, సబ్బు పొడి కలిపి మనిషికి ఏడాదికి సుమారు అర కిలో భాస్వరం. యాభైమందికి 25 కిలోలు. చేనుతో పోలిస్తే అరవై రెట్లకు పైనే.

84 గ్రామాల భూమిలో పదోవంతు, 13 వేల ఎకరాలు, ఇలా ఇళ్లయితే ఆరున్నర లక్షల మంది అవుతారు. వాళ్ల భాస్వరం ఏడాదికి 3 లక్షల 25 వేల కిలోలు. ఇందులో నూటికి 98 పాళ్లను ఆపగలిగారనుకుందాం. మిగిలిన రెండు పాళ్లే 6,500 కిలోలు. రెండు చెరువుల హద్దు ఎంత? 5,800.

మురుగు శుద్ధి కేంద్రాలు కడతాం కదా అంటారు. కట్టాల్సిందే. అయితే మామూలు శుద్ధి కేంద్రం కుళ్లును, వాసనను తగ్గిస్తుంది కానీ భాస్వరంలో ఎక్కువ భాగాన్ని అలాగే వదిలేస్తుంది. భాస్వరం తీయడానికి వేరే ఏర్పాటు కావాలి. లేకపోతే శుద్ధి చేసిన నీటిని సైతం పైపుల్లో చెరువు కట్ట దిగువకు తరలించాలి. ఆ రెండింట్లో ఏది చేస్తారో అడగండి. సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేసే బండి రాత్రిపూట ఎక్కడ పారబోస్తుందో కూడా అడగండి. ఆ సంగతి ఏ నివేదికలోనూ కనబడదు, ఊళ్లో అందరికీ తెలుసు.

మన తప్పు దాచుకోవద్దు. ఎకరానికి 200 గ్రాములే అనుకున్నా, 84 గ్రామాల చేలు కలిపితే 26 వేల కిలోలు దాటుతుంది. మరి ఇన్నేళ్లు చెరువు ఎలా బతికింది? చేను నుంచి పోయే భాస్వరంలో చాలా భాగం మట్టి రేణువులను అంటుకుని ఉంటుంది. దారిలోని కుంటల్లో, ఒడ్ల దగ్గర మట్టితో పాటు దిగబడిపోతుంది. వానలున్న నాలుగు నెలలే కదులుతుంది. మురుగులోని భాస్వరం నీళ్లలో కరిగి ఉంటుంది. నాచుకు నేరుగా నోటికందినట్టే. పన్నెండు నెలలూ వస్తుంది. దారిలోని కుంటలను పూడ్చి ప్లాట్లు చేశాక ఇక ఆపేదెవరు?

హుస్సేన్‌సాగర్‌ను చూసినవాళ్లకు

రేపటి గండిపేటను ఇవాళ చూడాలంటే ట్యాంక్‌బండ్ మీద నిలబడితే చాలు. గండిపేట, హిమాయత్‌సాగర్ రాకముందు హుస్సేన్‌సాగర్ కూడా తాగునీటి చెరువే. కుతుబ్‌షాహీల కాలం నాటిది. కూకట్‌పల్లి నాలా మేరలో ఫ్యాక్టరీలు వచ్చాయి, కాలనీలు వచ్చాయి. చెరువును పాడు చేద్దామని ఎవరూ తీర్మానం చేయలేదు. ఒక్కో షెడ్డు, ఒక్కో ఇల్లు, ఒక్కో మోరీ. జపాను నుంచి అప్పు తెచ్చి 2006 నుంచి కోట్లు పోసి బాగుచేయబూనినా అది తాగే నీరు కాలేదు.

ఎందుకు కాలేదంటే చెరువు చెడేది చౌడు లాగా. చౌడు తేలిన చేనును చూశారు కదా. ఏళ్ల తరబడి ఏమీ కనబడదు. ఒక ఎండాకాలం తెల్లగా తేలుతుంది. ఆ తరువాత జిప్సం వేసినా, నీళ్లు కట్టి కడిగినా ఏళ్లు పడుతుంది. చెరువు అడుగున బురదలో భాస్వరం చేరుతూ ఉంటుంది. ఎండాకాలం అడుగు నీళ్లలో ప్రాణవాయువు అయిపోయినప్పుడు ఆ బురదే భాస్వరాన్ని మళ్లీ పైకి వదులుతుంది. మురుగును ఆపేసిన తరువాత కూడా వదులుతూనే ఉంటుంది. అందుకే నీటి పరీక్షలో తేడా కనబడేదాకా ఆగడమంటే చౌడు తెల్లగా తేలేదాకా ఆగడమే. ముందు లెక్క వేయాలనేది ఇందుకే.

నేల మారబోతోందని ఎలా తెలుస్తుంది?

నీళ్ల లెక్క కంటే కష్టమైనది భూమి లెక్క. ఏ సర్వే నంబరు ఎప్పుడు ప్లాట్లవుతుందో ఎవరికి తెలుసు? నిపుణులు పాత ఉపగ్రహ చిత్రాలను, కొత్తవాటిని పక్కపక్కన పెట్టి చూస్తారు. పదేళ్ల కిందట పచ్చగా ఉన్నది ఎక్కడ బూడిద రంగయింది, అది రోడ్డుకు ఎంత దూరం, వాగుకు ఎంత దూరం అని లెక్కగట్టి, రాబోయే పదేళ్లకు పటం గీస్తారు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. నేల ఎటు మారుతుందో ఆ రెండూ చాలావరకు చెప్పేశాయి.

ఇలాంటి లెక్క నమ్మదగిందో కాదో తెలుసుకునే ఉపాయం ఒకటుంది. అదే లెక్కతో వెనక్కి పోయి చూడాలి. 2005 నాటి భూమి, వాన వివరాలిస్తే 2015లో చెరువు ఎలా ఉందో అది సరిగ్గా చెప్పగలగాలి. గడిచిపోయినదాన్ని చెప్పలేని లెక్క రేపటిని ఏం చెబుతుంది? పక్క దేశాల నేలల అంకెలు తెచ్చి మన చెలకకు అతికించినవాళ్లను ఈ ఒక్క ప్రశ్న అడిగితే తడబడతారు.

ఊళ్లో ఉన్నవాళ్లకైతే ఉపగ్రహం అక్కరలేదు. బాట వెడల్పు చేసేందుకు రాళ్లు పాతుతారు. అరెకరం, పావు ఎకరం బేరాలు మొదలవుతాయి. కొన్నవాడు దున్నడు, ప్రహరీ కడతాడు. వాగు ఒడ్డు మీద మట్టి పోస్తారు. ఫాంహౌస్ అని పేరు పెడతారు, లోపల పదిమంది పట్టే గదులు లేస్తాయి. 111 జీవో ఉన్న రోజుల్లోనే ఇవన్నీ చూశాం. కాగితం మీది గీత కంటే నేల మీది గుర్తులే నిజం.

మీ ఊరు 84 గ్రామాల్లో లేకపోవచ్చు. మీ వాగు ఏ తాగునీటి చెరువుకు పోతుందో, ఏ సమ్మర్ స్టోరేజి ట్యాంకు నింపుతుందో కనుక్కోండి. ఈ లెక్క దానికీ వర్తిస్తుంది.

పట్నానికి నీళ్లు, మనకేమిటి?

గీతకు అటుపక్క ఎకరం కోట్లు పలికితే, ఇటుపక్క కొనేవాడు ముఖం తిప్పుకున్నాడు. బిడ్డ పెళ్లికి, ఆసుపత్రికి అమ్ముకుందామంటే జీవో అడ్డం. పట్నపోళ్ల నీళ్ల కోసం మేం ఎందుకు ఎండాలె అని 84 గ్రామాల్లో ఎవరిని కదిలించినా అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. ఇన్నేళ్లుగా ఆంక్ష పెట్టినవాళ్లెవరూ చెరువు కాపలాకు రైతుకు కూలి కట్టలేదు. నా మట్టుకు నాకు 111 జీవోలో లోపం అదే అనిపిస్తుంది. ఆంక్ష తప్పు కాదు. దాని ఖర్చంతా రైతు నెత్తిన పెట్టడం తప్పు.

అమెరికాలో న్యూయార్క్ నగరానికి క్యాట్‌స్కిల్ కొండల నుంచి తాగునీళ్లొస్తాయి. 1990ల్లో అక్కడా ఇదే గొడవ. ఫిల్టర్లు కట్టాలంటే వందల కోట్ల డాలర్లు. పొలాల మీద ఆంక్షలు పెడదామంటే రైతులు తిరగబడ్డారు. చివరికి 1997లో నగరానికి, ఎగువ గ్రామాలకు ఒప్పందం కుదిరింది. పశువుల పాక నుంచి మురుగు వాగులోకి పోకుండా కట్టే గోడకు, వాగు ఒడ్డున కంచెకు, పేడ నిల్వకు నగరమే డబ్బిచ్చింది. అమ్మదలచినవారి దగ్గర నగరమే భూమి కొంది. ఒప్పుకున్న రైతులకు డబ్బిచ్చి, ఈ భూమిలో ఇళ్లు కట్టరు, సాగే చేస్తారు అని రాయించుకుంది. ఫిల్టర్ల ఖర్చు కంటే అదే చవక అని వాళ్ల లెక్కలో తేలింది. మన పట్నానికి కూడా ఆ లెక్క వేసి చూపమని గ్రామసభల్లో తీర్మానం చేసి పంపవచ్చు.

అడిగే ముందు మన వైపు కూడా సర్దుకోవాలి. డీఏపీని పైపైన చల్లకండి, విత్తేటప్పుడు గొర్రుతో మట్టి కిందికి పోయేలా వేయండి. భూసార పరీక్షలో భాస్వరం ఎక్కువుందని వస్తే ఆ ఏడు బస్తా తగ్గించండి, డబ్బూ మిగులుతుంది. వాలుకు అడ్డంగా దున్నండి. వాగు పక్కన ఐదారు గజాలు దున్నకుండా గడ్డి వదలండి, పశువులకు మేతవుతుంది. పేడకుప్ప వాగు ఒడ్డు నుంచి ఎగువకు జరపండి. కూరగాయలు, పూలు వేసేవాళ్లు మందు కొట్టిన పంపును వాగులో కడగడం మానండి. ఖాళీ డబ్బాలు కుంటలో పారేయొద్దు.

ఇంకొక పని. ఈసారి తొలకరి మొదటి పెద్ద వానకు రెండు తెల్ల గాజు సీసాలు తీసుకుని వాగు దగ్గరికి వెళ్లండి. ఒకటి లేఅవుటుకు ఎగువన నింపండి, ఒకటి దిగువన. మీద తేదీ, చోటు రాసి, ఒక రాత్రి కదపకుండా ఉంచండి. పొద్దున అడుగున ఎంత మడ్డి దిగిందో స్కేలు పెట్టి కొలిచి, పైన నీళ్ల రంగు, వాసన నోటు పుస్తకంలో రాసుకోండి. భాస్వరం దీంట్లో తెలియదు, దానికి ల్యాబ్ కావాలి. కానీ మూడు తొలకరుల లెక్క చేతిలో ఉంటే, మీ వాగులో ఏమీ మారలేదని సభలో చెప్పేవారి ముందు ఆ పుస్తకం తెరవవచ్చు.